పళ్లు దాచుకుందాం – 3వ పాఠం: స్ట్రాబెర్రీ ఆరబెట్టడం

కిందటి పాఠం చదివి స్ట్రాబెర్రీలను వెనిగర్ నీళ్లతో కడిగి దాచినవాళ్లలో చాలామందికి మూడో రోజుకే బూజు పట్టింది. ఒకావిడ పంపిన ఫొటో చూశాను. డబ్బా మూతకు లోపలివైపు నీటి చుక్కలు, అడుగున గులాబీ రంగు నీళ్లు, మధ్యలో బూడిద రంగు దూదిలాంటి బూజు. "మీరు చెప్పినట్టే చేశానండీ. కడక్కుండా పెట్టినప్పుడే నయం" అని రాశారు. ఆవిడ అన్నది నిజమే, తప్పు నాదే. వెనిగర్ గురించి అంత రాసి, చివర్లో "ఆరాక డబ్బాలో పెట్టండి" అని ఒక్క ముక్కతో సరిపెట్టాను. ఈసారి ఫ్రీజర్ పాఠం అన్నాను గానీ, అది చివర్లో రెండు మాటలే.

పళ్లకు వెనిగర్ వాసన వస్తోందన్నవాళ్లకు: ఒక గ్లాసు తెల్ల వెనిగర్‌కి మూడు గ్లాసుల నీళ్లు, రెండు మూడు నిమిషాలు, తర్వాత మంచినీళ్లతో కడగడం. అంతే. ఒకరు టీవీ సీరియల్ అయ్యేదాకా నానబెట్టారట! స్ట్రాబెర్రీకి తొక్క లేదు, నానితే మెత్తబడిపోతుంది. ముచ్చిక తీసేసి కడిగినవాళ్లు కూడా ఉన్నారు. ముచ్చిక తీస్తే పండుకు కన్నం పెట్టినట్టే, నీళ్లు అందులోంచి లోపలికి పోతాయి. తినేముందు తీసుకోండి. నలిగినవి ముందే ఏరేయాలని వేరే చెప్పక్కర్లేదు కదా.

ఇక "ఆరినట్టే ఉందండీ" అనే మాట. ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆవకాయ పెట్టే రోజు మనం ఏం చేస్తాం? కాయలు కడిగి, పొడిగుడ్డతో ఒక్కోటీ తుడిచి, ఫ్యాన్ కింద పరిచి, కత్తికి తడి ఉందేమోనని మళ్లీ చూసుకుంటాం. జాడీ దగ్గరికి తడిచేత్తో వచ్చినవాళ్ల పని అయిపోయిందే. అదే మనం స్ట్రాబెర్రీని చిల్లుల గిన్నెలో రెండుసార్లు కుదిపి డబ్బాలో పోసేస్తాం. ఆవకాయకు ఉప్పు, ఆవపిండి, నూనె కాపలా ఉంటాయి. దీనికి ఎవరున్నారు?

తడి ఎక్కడ దాక్కుంటుందో చూడండి. కడిగిన పండు ఒకటి తీసుకుని ముచ్చిక ఆకులను గోటితో కాస్త పైకెత్తండి. పండు ఎంత పొడిగా కనిపించినా ఆ కింద నీళ్లు మెరుస్తుంటాయి. గింజల గుంటల్లో ఇంకొంచెం, రెండు పళ్లు ఆనుకున్న చోట ఇంకొంచెం. ఈ బూడిద బూజు (బోట్రైటిస్ అంటారు) చాలాసార్లు తోటలో పూత మీదే పట్టి పండుతో పాటు మన ఇంటికొస్తుంది. ఫ్రిజ్ చల్లదనానికి నెమ్మదిస్తుందే తప్ప చావదు. తడి తగిలిందా, లేచి కూర్చుంటుంది, పక్క పండుకూ పాకుతుంది.

నేను పాత నూలు చీర నాలుగు మడతలేసి, పళ్లను ముచ్చిక కిందికి వచ్చేలా ఒక్క వరసలో పేరుస్తాను. ఫ్యాన్ కింద గంట. తిప్పి మరో అరగంట. హైదరాబాద్ చలికాలపు పొడిగాలికి ఇది సరిపోతుంది, విశాఖ, కాకినాడలో ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఎండలో మాత్రం వద్దు. తర్వాత టిష్యూ మొన చేసి ముచ్చిక ఆకుల కిందికి దూర్చి తీయండి. టిష్యూ మీద తడి మచ్చ పడితే పళ్లు మళ్లీ ఫ్యాన్ కిందికే. డబ్బా అడుగున టిష్యూ వేసి, మూత కాస్త వారగా పెట్టి, ఫ్రిజ్ లోపలి అరలో ఉంచండి. తలుపు అర మాటిమాటికీ వేడెక్కుతుంది.

నిజం చెప్పాలంటే, రెండు రోజుల్లో అయిపోతాయనుకుంటే నేను కడగను. కొన్న డబ్బాలోనే ఉంచి, తినేముందు కడుగుతాను.

కొనేటప్పుడు డబ్బా తిరగేసి అడుగు చూడండి. మహాబలేశ్వరం నుంచి హైదరాబాద్ వచ్చిన డబ్బా అయినా, లంబసింగి తోట దగ్గర కొన్నదైనా నలిగేది కింది వరసే. ఒకసారి లంబసింగిలో కొన్నవి కారు డిక్కీలో పడేసి ఘాట్ రోడ్డు దిగాను. విశాఖ చేరేసరికి సగం జామ్ అయింది. ఇంటికెళ్లాక పండుతాయని సగం తెల్లగా ఉన్నవి కొనకండి. కోశాక రంగు కాస్త మారినా తీపి పెరగదు.

బ్లూబెర్రీ మీద తెల్లటి పొడి మందు కాదు, దాని సొంత మైనం. దాన్ని రుద్ది పోగొట్టకండి, తినేముందే కడగండి.

ఫ్రీజర్‌కైతే బాగా ఆరాక ముచ్చికలు తీసి, పళ్లెంలో విడివిడిగా గట్టిపడనిచ్చి, అప్పుడు కవర్లో వేయండి. కరిగాక మెత్తబడతాయి కాబట్టి మిల్క్‌షేక్‌కే పనికొస్తాయి.

అభ్యాసం: రెండు డబ్బాలు కొని పళ్లను నాలుగు భాగాలు చేయండి. ఒకటి కడక్కుండా, ఒకటి కడిగి తడిగానే, ఒకటి గంట ఆరబెట్టి, ఒకటి టిష్యూ పరీక్ష నెగ్గాక. నాలుగూ ఒకేలాంటి డబ్బాల్లో, ఒకే అరలో పెట్టండి. రోజూ పొద్దున్నే బూజు పట్టినవి లెక్కపెట్టి తీసేసి, ఆరు రోజులు కాగితం మీద రాయండి. మధ్యలో ఎవరూ తినకూడదు. మా ఇంట్లో మూడో రోజుకే నాలుగో డబ్బా ఖాళీ అయింది, ఎవరినడిగినా నేను కాదంటున్నారు. మీరు డబ్బా మీద చీటీ అంటించండి.