స్విఫ్ట్ కోడును ప్రోటోకాళ్లలోకి మార్చే ముందు

సాఫీగా నడుస్తున్న స్విఫ్ట్ (ఆపిల్ ప్రోగ్రామింగ్ భాష) కోడును జెనరిక్‌లు (రకరకాల విలువలకు పనిచేసే కోడు), ప్రోటోకాళ్లతో (ఒక రకానికి ఏమేం ఉండాలో చెప్పే ఒప్పందాలు) తిరగరాయాలని కూర్చుంటున్నారా? కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ అడ్డుపడే తప్పులకు భయపడనక్కర్లేదు, అది గోల పెడుతుంది, మనం దిద్దుకుంటాం. నోరు మెదపకుండా దారి తప్పించేవాటితోనే చిక్కు.

ఉదాహరణకు, రాయితీ లెక్కించే మెథడ్‌ను ప్రోటోకాల్ ఎక్స్‌టెన్షన్‌లో (ప్రోటోకాల్‌కు విడిగా జోడించే కోడులో) రాశారు, ప్రోటోకాల్ నిర్వచనంలో మాత్రం ప్రకటించలేదు. తర్వాత ఆ ప్రోటోకాల్‌ను పాటించే ఒక స్ట్రక్ట్‌లో (మనం తయారుచేసుకునే రకంలో) అదే పేరుతో వేరే లెక్క రాసుకున్నారు. ఆ స్ట్రక్ట్ విలువను ప్రోటోకాల్ రకంగా పట్టుకుని మెథడ్‌ను పిలిస్తే నడిచేది ఎక్స్‌టెన్షన్‌లోని పాత లెక్కే. జెనరిక్ ఫంక్షన్ లోపలా అంతే. ఎర్రర్ రాదు, బిల్లు మాత్రం తప్పుతుంది. స్ట్రక్ట్‌లు తమకు తగ్గట్టు మార్చుకోవలసిన ప్రతి మెథడ్‌నూ నిర్వచనంలో ప్రకటించండి. పని మొదలుపెట్టకముందే ఈ ఒక్క తనిఖీ చేసుకున్నా చాలా తలనొప్పి తప్పుతుంది.

రెండో చిక్కు ‘ఎనీ’, అంటే ఆ ప్రోటోకాల్‌ను పాటించే ఏ రకమైనా సరే అని చెప్పే పదం. 2022లో స్విఫ్ట్ 5.7 వచ్చేదాకా, అసోసియేటెడ్ టైప్ (ప్రతి రకం తానే నింపుకోవలసిన ఖాళీ లాంటి రకం) ఉన్న ప్రోటోకాల్‌ను మామూలు రకంలా వాడనిచ్చేవారు కాదు. ఇప్పుడు ముందు ‘ఎనీ’ తగిలిస్తే చాలు కాబట్టి చేతికొచ్చిన చోటల్లా తగిలిస్తున్నాం. అది మూత వేసిన డబ్బా లాంటిది. ఈక్వేటబుల్ అనేది విలువలను సమానమా అని పోల్చనిచ్చే ప్రోటోకాల్, అయినా రెండు ‘ఎనీ ఈక్వేటబుల్’ విలువలను పక్కపక్కన పెట్టి సమానమా అని అడగలేరు, లోపలివి ఒకే రకమని ఎవరు హామీ ఇస్తారు? ఒక్క విలువను జెనరిక్ ఫంక్షన్‌కు పంపితే కంపైలరే మూత తీస్తుంది, అలాంటి డబ్బాల అర్రేను (వరుస జాబితాను) పంపితే మొండికేస్తుంది. పైగా 64 బిట్ల యంత్రంలో డబ్బా ఒక్కటే 40 బైట్లు, లోపలి విలువ 24 బైట్లు దాటితే హీప్‌లోకి (డబ్బా బయట విడిగా ఉండే మెమరీలోకి) పోతుంది. ఒకే రకం చాలే చోట ‘ఎనీ’కి బదులు ‘సమ్’ వాడండి. రకరకాల విలువలు ఒకే అర్రేలో ఉండక తప్పనప్పుడే ‘ఎనీ’.

వేరే లైబ్రరీ నుంచి తెచ్చుకున్న, మీది కాని రకాన్ని మీది కాని ప్రోటోకాల్‌కు కట్టబెట్టకండి. రేపు ఆ లైబ్రరీవాళ్లే అదే పని చేస్తే ఏది అమలవుతుందో చెప్పలేం. 2024 నాటి స్విఫ్ట్ 6 దీనికి హెచ్చరిక ఇస్తుంది, దాన్ని నొక్కేసే మార్గమూ ఇస్తుంది. నొక్కేయకండి. జెనరిక్ రకంలో స్టాటిక్ స్టోర్డ్ ప్రాపర్టీ (రకమంతటికీ ఒక్కటిగా దాచే విలువ) కుదరదని కూడా గుర్తుంచుకోండి.

చివరగా, మీ యాప్ ఎంత పాత ఐఓఎస్ మీద దాకా నడవాలో చూసుకోండి. ‘ఎనీ కలెక్షన్’కు యాంగిల్ బ్రాకెట్లలో ఇంట్ (పూర్ణాంక రకం) జోడించి అర్రేలో దాచాలంటే కనీసం ఐఓఎస్ 16 కావాలి.