ఎంత కష్టపడినా ముందుకు కదలడం లేదా? లెక్క విడదీసి చూడండి

తెల్లవారుజామున పరుగు, పదింటి నుంచి ఆఫీసు. విజయనగరంలో నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. పని మందగించినా, పరుగు మందగించినా అందరం చేసేది ఒకటే, ఇంకాస్త గట్టిగా ప్రయత్నించడం. దానివల్ల చాలాసార్లు ఇబ్బంది పెరుగుతుంది. పక్క జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ 240లో స్నాచ్ (బరువుని ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130. వీటిని విడివిడిగా చూస్తేనే ఎక్కడ బలముందో, ఎక్కడ లోటుందో తెలుస్తుంది. మన పనినీ అలాగే చూడాలి.

సమస్య: 1600 మీటర్ల టైమింగ్ నెలల తరబడి కదలడం లేదు

ఆర్మీ సెలక్షన్లకి తయారవుతున్న ఓ తమ్ముడు 5 నిమిషాల 50 సెకన్ల దగ్గర ఆగిపోయాడు. రోజూ రెండు రౌండ్లు ఎక్కువ పరిగెత్తాడు, మార్పు లేదు. ఒకరోజు గట్టు మీద కూర్చుని ప్రతి 400 మీటర్లకీ, అంటే ఒక్కో రౌండుకీ, టైం రాశాను: 74, 87, 96, 93 సెకన్లు.

కారణం ఆ మొదటి అంకెలోనే ఉంది. ఊపిరంతా మొదటి రౌండుకే పెట్టేస్తున్నాడు. సత్తువ తక్కువై కాదు, పంపకం కుదరక.

పరిష్కారం: మొదటి రౌండు 85 సెకన్లకంటే ముందు ముగించకూడదు. "అన్నా, అందరూ దాటిపోతుంటే ఎలా ఆగుతాను?" అన్నాడు. కష్టం అక్కడే, సాధన చేయాల్సిందీ అదే. నాలుగు రౌండ్లూ 85లో నిలబెడితే 5 నిమిషాల 40 సెకన్లు. వారానికి రెండు రోజులు 400 మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాల నడక, అన్నీ ఒకే టైంలో. మిగతా రోజులు పక్కవాడితో కబుర్లు చెప్పగలిగినంత తేలిగ్గా పరిగెత్తాలి.

సమస్య: సాధన పెంచినకొద్దీ టైమింగ్ దిగజారుతోంది

నిద్ర లేవగానే, మంచం దిగకముందే, నిమిషానికి నాడి ఎంత కొట్టుకుంటోందో రాసుకోండి. మామూలుకంటే ఎనిమిది, పది ఎక్కువగా వరుసగా రెండు మూడు రోజులు ఉంటే ఒళ్ళు ఇంకా తేరుకోలేదన్నమాట. ఆ రోజులు నడకతో సరిపెట్టండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే మాత్రం సాధన ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

సమస్య: ఆఫీసులో అంకెలు తప్పుతున్నాయి

ఇది నా అనుభవమే. పైడితల్లమ్మ జాతర ముందురోజు, తొలేళ్ళ రాత్రి నిద్ర లేదు, మర్నాడు సిరిమానోత్సవం జనంలోనే గడిచిపోయింది. బుధవారం పొద్దున్న లెక్కలకి కూర్చుంటే 900 రూపాయలు తేడా. రెండు గంటలు వెతికాను. చివరికి చూస్తే 5,400ని 4,500గా ఎక్కించాను. పక్క సీటు మేడమ్ అప్పుడు చెప్పారు: "తేడాని తొమ్మిదితో భాగించి చూడండి. శేషం లేకపోతే అంకెలు తారుమారై ఉండొచ్చు." అప్పటినుంచి తేడా వస్తే ముందు అదే చూస్తున్నాను.

అసలు కారణం నిద్రలేమి. అలాంటి రోజు డబ్బు లెక్కలు ముట్టుకోను. తప్పనిసరైతే ఎవరో ఒకరిని అంకెలు పైకి చదవమంటాను.

సమస్య: రాత్రి ఎనిమిదైనా పని తెమలదు

రెండు వారాలు అరగంటకోసారి ఏం చేశారో ఓ చిన్న పుస్తకంలో రాయండి. నా పుస్తకంలో తేలింది ఇది: కష్టమైన ఫైలు ఎప్పుడూ మధ్యాహ్నం మూడింటికి తెరుస్తున్నాను. అన్నం తిన్న మత్తు, పైన ఉక్కపోత, చదివిన పేరానే మళ్ళీ చదవడం. చురుగ్గా ఉండే పది, పదకొండున్నర మధ్య సమయమంతా ఫోన్‌కీ, చిన్నచిన్న సంతకాలకీ పోతోంది. ఆ రెండింటినీ తారుమారు చేశాను. ఫోన్ బ్యాగులో, ఫైలు ముందు. సంతకాలు మూడింటి తర్వాత. ఇప్పుడు ఆరున్నరకి ఇంటికి చేరుతున్నాను, తొమ్మిదిన్నరకి నిద్ర పడుతోంది, పొద్దున్న పరుగుకి అలారం అవసరం రావడం లేదు.