క్లాసుకి వెళ్లబుద్ధి కావట్లేదా? ఎక్కడ తేడా కొట్టిందో చూద్దాం

బీటెక్ రెండో ఏడాదికొచ్చేసరికి చాలామంది నోట ఇదే మాట: "క్లాసుకి వెళ్లబుద్ధి కావట్లేదు". ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు, పిల్లలూ అదే నమ్మేస్తారు. నేను మాత్రం ఒప్పుకోను. బద్ధకమే అయితే ఫెస్ట్ పనులకి రాత్రంతా మేల్కోవడం, ఆదివారం పొద్దున్నే గ్రౌండ్‌కి పోవడం ఎలా కుదురుతోంది? అందుకే ముందు టైమ్‌టేబుల్ తీసి, పోయిన రెండు వారాల్లో ఎగ్గొట్టిన పీరియడ్లకి పెన్సిల్‌తో సున్నా చుట్టండి. ఆ సున్నాలు ఒకే టైమ్ దగ్గర పడ్డాయా, ఒకే సబ్జెక్టు మీద పడ్డాయా, వారమంతా పరుచుకున్నాయా అన్నదాన్ని బట్టి కారణం మారుతుంది, చేయాల్సిన పనీ మారుతుంది.

సమస్య: మొదటి పీరియడ్ ఒక్కటే పోతోంది

కారణం వెతకక్కర్లేదు, నిద్ర. హాస్టల్ రూమ్‌లో రెండింటిదాకా లైటు వెలుగుతుంది, ఫోన్ చేతిలోనే ఉంటుంది. తొందరగా పడుకోవాలని ఒట్టు పెట్టుకుంటే నిలబడదు. లేచే టైమ్ ఒక్కటే పట్టుకోండి, ఆదివారం కూడా అదే టైమ్. ఫోన్‌ని మంచం దిగితే తప్ప అందని చోట ఛార్జింగ్ పెట్టండి. కొన్ని రోజులు కళ్లు మండుతాయి, ఆ తర్వాత రాత్రి నిద్ర దానంతటదే ముందుకి జరుగుతుంది.

సమస్య: ఒకటి రెండు సబ్జెక్టులకే వెళ్లాలనిపించదు

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ఆ సబ్జెక్టు నచ్చలేదని పైకి అంటారు గానీ, చాలాసార్లు అసలు సంగతి అర్థం కాకపోవడం. గంటసేపు ఏమీ తెలియకుండా కూర్చోవడం, సార్ ఎక్కడ లేపి ప్రశ్న అడుగుతారోనని టెన్షన్ పడటం, అది ఎవరికైనా నరకమే. దాంతో ఒక పీరియడ్ మానేస్తారు, మర్నాడు చెప్పింది ఇంకా అర్థం కాదు, ఇంకోటి మానేస్తారు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకి ఇది రెట్టింపు, ఎందుకంటే పాఠం కంటే ముందు భాష దాటాలి.

సాధారణంగా చిక్కు ఇప్పుడు చెప్తున్న చాప్టర్‌లో ఉండదు, దాని కింద ఉంటుంది. డేటా స్ట్రక్చర్స్ రావట్లేదంటే మొదటి ఏడాది సీ లాంగ్వేజ్‌లో పాయింటర్లు కుదరలేదేమో చూడండి. సిగ్నల్స్ ఎక్కట్లేదంటే ఇంటిగ్రేషన్ బై పార్ట్స్, కాంప్లెక్స్ నంబర్ల దగ్గర ఆగి ఉంటారు. డేటా స్ట్రక్చర్స్‌లో లింక్డ్ లిస్టే తీసుకోండి, అంటే ప్రతి విలువా తన పక్కదాని అడ్రస్ పట్టుకుని ఉండే వరస. తెల్ల కాగితం మీద మూడు డబ్బాలు గీసి, ప్రతి డబ్బాలో ఒక విలువ, పక్క డబ్బా అడ్రస్ రాసి, బాణాలు పెట్టండి. ఇప్పుడు మధ్యలో కొత్త డబ్బా దూర్చాలి. ముందు కొత్త డబ్బాలో తర్వాతి డబ్బా అడ్రస్ రాసుకోవాలి, ఆ తర్వాతే వెనక డబ్బాలో అడ్రస్ మార్చి కొత్తదానివైపు తిప్పాలి. ఇది తిరగబడితే, ఆ అడ్రస్‌ని వేరేచోట దాచుకోకపోతే, మిగతా లిస్టు ఎక్కడుందో చెప్పేవాడే ఉండడు. చేత్తో గీసి రెండుసార్లు పాడుచేస్తే గానీ బోర్డు మీద కోడ్ ఎందుకు ఆ వరసలో ఉందో తలకెక్కదు.

అలా కింది మెట్టు దొరికాక, రేపటి క్లాసులో ఏం చెప్తారో ముందు రాత్రి ఒక ఇరవై నిమిషాలు తిరగేయండి. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల వీడియో పాఠాలు ఉచితంగానే ఉన్నాయి. అంతా అర్థం కావాలని లేదు, రెండు పదాలు తెలిసినవిగా వినిపించినా చాలు, కూర్చోబుద్ధి అవుతుంది. డౌట్ అడగడానికి అందరి ముందూ మొహమాటం అయితే స్టాఫ్ రూమ్‌కి వెళ్లండి, కానీ "సార్, ఏం అర్థం కాలేదు" అనకండి. "సార్, ఈ లైన్ నుంచి ఈ లైన్‌కి ఎలా వచ్చింది?" అని నోట్‌బుక్ తెరిచి చూపించండి. అలా అడిగితే ఓపిగ్గా చెప్పే సార్లే ఎక్కువ.

సమస్య: సార్ పీపీటీ చదివేసి పోతారు, వెళ్లి ఏం లాభం?

కొన్ని క్లాసుల విషయంలో ఇది నిజం, కాదనను. అయినా బెంచీ మీద గంట ఎలాగూ పోతుంది గనక ఆ గంటని మీది చేసుకోండి. ఆ టాపిక్ మీదే పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని ఒక ప్రాబ్లమ్ చేయండి, అడ్డం పడితే సార్ అక్కడే ఉన్నారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనల్లో థియరీ సబ్జెక్టుకి వందలో 40 మార్కులు ఇంటర్నల్స్‌వే, అంటే సెమిస్టర్ నడుస్తుండగా కాలేజీలోనే వేసేవి. ముందు రోజు రాత్రి చదివితే చాలని సీనియర్లు చెప్పే మాట ఈ 40 దగ్గర పనిచేయదు.

సమస్య: సబ్జెక్టని లేదు, ఏ క్లాసుకీ కాళ్లు కదలవు

ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో గడిపారా? అక్కడ లేపడానికి వార్డెన్, స్టడీ అవర్‌లో కూర్చోబెట్టడానికి ఇంకొకరు. మన అంతట మనం లేచి వెళ్లే అవసరమే రాలేదు, కాబట్టి ఆ అలవాటూ రాలేదు. ఇది మీ తప్పు కాదు. కొన్నాళ్లు బయటి ఊతం పెట్టుకోండి: కలిసి బయల్దేరే ఫ్రెండ్ ఒకరు, ఎప్పుడూ ఒకే బస్సు, మూడో బెంచీలో ఒకే సీటు.

ఇంట్లోవాళ్లు వెబ్ ఆప్షన్లు పెట్టేసిన బ్రాంచ్ అయితే మాత్రం ఒక్కటి తేల్చుకోండి, బ్రాంచే నచ్చలేదా, ఈ సెమిస్టర్‌లో ఒక్క సబ్జెక్టు నచ్చలేదా? రెండోదే అయితే పైన చెప్పినట్టు చేయండి. మొదటిదే అయితే నాన్నతో మాట్లాడాల్సిందే, మార్కుల మెమో ఇంటికి చేరకముందే.

ఇక క్లాసే కాదు, తిండీ స్నేహితులూ ఆటలూ ఏవీ పట్టకుండా వారాలు గడుస్తుంటే, ఏడుపు ఊరికే వస్తుంటే, దాన్ని మోటివేషన్ లెక్కలో వేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కి ఏ టైమ్‌లోనైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ర్యాగింగో ఫీజు బకాయో వెనక ఉంటే అది కూడా చెప్పేయండి.

సమస్య: ఇప్పటికే హాజరు పడిపోయింది, మొహం చూపించాలంటే సిగ్గు

సిగ్గుతో ఇంకో వారం మానేస్తారు, లోటు ఇంకా పెరుగుతుంది. లెక్క వేయండి. వంద పీరియడ్లు అయితే 60కి వెళ్లారనుకోండి, 75 శాతానికి రావాలంటే వరసగా ఇంకో 60 ఒక్కటీ వదలకుండా వెళ్లాలి. రోజుకి ఆరు పీరియడ్లైతే పది రోజులు. అదే 50 దగ్గర ఉంటే వంద పీరియడ్లు. అంటే మొత్తమ్మీద, ఇప్పటికే వెళ్లినవి కూడా కలుపుకుని, మానేసిన ప్రతి పీరియడ్‌కీ మూడు వెళ్లినవి ఉండాలన్నమాట. జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీల్లో 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం, ఆధారాలు చూపించి ఫీజు కట్టి కండోనేషన్, అంటే ఆ లోటుని మన్నించమని, అడగొచ్చు. 65 కంటే తగ్గితే డిటైన్, ఆ సెమిస్టర్ మళ్లీ నడిచినప్పుడు జూనియర్లతో కూర్చోవాలి. అటానమస్ కాలేజీ అయితే మీ రూల్స్ పుస్తకం చూసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కీ ఆ 75 శాతమే చూస్తారు. లెక్క రాసిన కాగితం పట్టుకుని హెచ్‌ఓడీ దగ్గరికి మీరే వెళ్లండి, షార్టేజ్ లిస్టు నోటీసు బోర్డు ఎక్కాక వెళ్తే ఆయన చేతిలో కూడా పెద్దగా ఏమీ ఉండదు.