రంగు కుదరలేదా? తప్పు రంగులో ఉండకపోవచ్చు

విశాఖ ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని నీటిరంగులు వేసేవారి నోట తరచూ వినిపించే మాట ఒకటే: "రంగు కుదరలేదు." నేనూ అలాగే అనుకుని మూడు రకాల నీలాలు కొన్నాను. తీరా చూస్తే తేడా వెలుగునీడల్లో ఉంది. అందుకే కొత్త ట్యూబు కొనేముందు మీ బొమ్మనూ ఎదుటి దృశ్యాన్నీ ఫోనులో ఫొటో తీసి, నలుపు తెలుపుల్లోకి మార్చి పక్కపక్కన పెట్టి చూడండి. ఫోను లేకపోతే కళ్లు సగం మూయండి. వివరాలు కరిగిపోయి ముదురు, లేత ముద్దలే మిగులుతాయి.

సమస్య: డాల్ఫిన్ నోస్ ఒడ్డుకు వచ్చేసింది

"కొండ ఇంత దగ్గరకు వచ్చిందేమిటి బాబూ?" అని మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ నా బొమ్మ చూసి అడిగింది. అంత సూటి విమర్శ నేను మళ్లీ వినలేదు.

కారణం: కొండ మీద చెట్లున్నాయని తెలుసు కాబట్టి ట్యూబులోని పచ్చను అలాగే పూసేస్తాం. కానీ కంటికీ కొండకూ మధ్య తేమ నిండిన గాలి ఉంది. దూరం పెరిగేకొద్దీ ఆ గాలి ముదురును లేతగా, పచ్చను నీలి బూడిదగా మార్చి, అంచుల పదును తీసేస్తుంది.

పరిష్కారం: కాగితం వారన ఐదు గడులు గీసి, లేత నుంచి ముదురుకు నింపండి. తెలుపు ఒకటి, అన్నిటికన్నా ముదురు ఐదు అనుకుంటే, మసక ఉదయాన ఆ కొండ మూడు దాటదు. నాలుగు, ఐదు దగ్గరి రాళ్లకూ పడవ నీడకూ దాచుకోవాలి. పచ్చలో కాస్త బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపితే దాని దూకుడు తగ్గుతుంది. ఆకాశాన్ని తాకే అంచును తడి కుంచెతో ఒక్కసారి నిమిరి వదిలేయండి. రెండోసారి నిమిరితే మరక పడుతుంది.

సమస్య: సముద్రం గోడలా నిలబడింది

నురుగు గీతలన్నీ ఒకే మందంలో, ఒకే ఎడంలో ఉంటే అది ఇటుకల వరసే. కాగితం అడుగున రెండు వేళ్ల ఎడం ఇచ్చారనుకోండి. పైకి పోయేకొద్దీ ఒక వేలు, అర వేలు, చివరకు వెంట్రుకంత కావాలి. నీరూ ఆకాశమూ కలిసే క్షితిజరేఖ ఎప్పుడూ మీ కంటి ఎత్తునే ఉంటుంది. ఇసుకలో కూర్చుంటే అది నిలబడ్డ మనుషుల నడుముల దగ్గర, కాస్త అటూ ఇటూగా పోతుంది. గోడెక్కి నిలబడితే వారి తలలపైకి లేస్తుంది.

సమస్య: కురుసుర అట్టముక్కలా ఉంది

2002 నుంచి ఇసుకలో ప్రదర్శనశాలగా నిలిచిన ఈ జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు. అంత పెద్ద గుండ్రటి ఒడలు బొమ్మలో చదునైపోవడానికి కారణాలు రెండు: నల్ల ట్యూబు, చుట్టూ ఒకే మందంలో గీసిన గీత.

కాసేపు కుంచె పక్కన పెట్టి దాని పక్కను చూడండి. పైన ఆకాశపు లేత నీలం. దాని కింద అసలు రంగు. ఆ తరువాత అన్నిటికన్నా ముదురు పట్టీ. ఇక్కడితో ఆగిపోతాం, తప్పు అక్కడే. ఆ పట్టీ కింద పొట్ట మళ్లీ కాస్త లేతబడుతుంది. ఎండపడిన ఇసుక తన వెచ్చని వెలుగును పైకి తిప్పి పంపుతుంది కాబట్టి. ఈ తిరుగు వెలుగుతోనే గుండ్రదనం వస్తుంది. అయితే అది ఎండ తగిలే పక్క కంటే ఎప్పుడూ ముదురుగానే ఉండాలి, లేకపోతే పొట్టలో దీపం పెట్టినట్టు కనిపిస్తుంది.

నలుపుకు బదులు అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా కలపండి. గీతను పైభాగంలో అక్కడక్కడ వదిలేసి, పొట్ట కింద ఒత్తి గీయండి. సాయంత్రం సూర్యుడు ఊరి వెనక్కి దిగుతూ నీడలను సముద్రం వైపు సాగదీస్తాడు. అందుకని మొదట్లోనే కాగితం మూల వెలుగు దిక్కుకు చిన్న బాణం గుర్తు వేసుకుని, చివరిదాకా దానికే కట్టుబడండి.

సమస్య: రంగులు బురదయ్యాయి

ఇది మాత్రం నిజంగా రంగు జబ్బే. మన పాత చిత్రశాస్త్రం చెప్పిన ఆరు అంగాల్లో రూపాల తేడాను పట్టే రూపభేదం మొదట, రంగుల కలయిక అయిన వర్ణికాభంగం చిట్టచివర వస్తాయి. మనం తిరగేసి మొదలుపెడతాం. మూడుకు మించి రంగులు కలపడం, ఒకే గ్లాసు నీళ్లలో కుంచె కడగడం, తడి ఆరకముందే రెండో పూత వేయడం ఈ బురదకు కారణాలు. సముద్రపు గాలిలో కాగితం పైకి ఆరినట్టే కనిపిస్తుంది. వేలి వెనకభాగం ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. నీళ్లకు రెండు గ్లాసులు పెట్టుకోండి. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) అయితే తడికి అంతగా ముడుచుకోదు.

సమస్య: చూపు ఎక్కడా నిలవడం లేదు

చేపలరేవు గీస్తే ఇది తప్పదు. పడవ, వల, బుట్ట, తాడు అన్నిటినీ ఒకే శ్రద్ధతో గీస్తాం. ఒక పడవను ఎంచుకోండి. అన్నిటికన్నా లేత, అన్నిటికన్నా ముదురు అక్కడే పక్కపక్కన కలవాలి, మిగతావాటికి రెండు మూడు కుంచెదెబ్బలు చాలు.

బీచ్ నుంచి గీసే బొమ్మలో ఆ పడవ చిన్నదైనా ఫరవాలేదు. కుడివైపు కొండకు ఎడమవైపు ఎర్రజెండా పడవ తూగుతుంది. అనుమానమైతే పడవను బొటనవేలితో మూసి చూడండి. బొమ్మ కుడివైపుకు ఒరిగిపోతున్నట్టు అనిపిస్తే పడవ సరైన చోటే ఉంది.