పాత కారు పని నేర్చుకుందాం – 5వ పాఠం: పెట్రోలు ముల్లు ఎటు తప్పుతోంది?

పోయిన పాఠంలో బ్యాటరీ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ వైరు విప్పి, కొసలను ఉప్పుకాగితంతో రుద్ది, మళ్ళీ బిగించాం. అది ఇంకా చెయ్యనివాళ్ళు ముందు ఆ పని ముగించుకుని రండి. ఎర్త్ సరిగ్గా లేకపోతే ఈ రోజు మనం చూసే కొలతలన్నీ తప్పుగా వస్తాయి.

ఈ పాఠానికీ కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం) ఉన్న మారుతి 800నే తీసుకుంటున్నాను. దాని ట్యాంకులో 28 లీటర్లు పడతాయి. మా ఇంట్లో ఉన్నది 1997 నాటి బండి. ఒకసారి దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కుతుంటే నల్లమల మలుపుల్లో ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. ముల్లు చూస్తే పావు ట్యాంకు పైనే ఉంది. కాబట్టి పెట్రోలు గురించి అనుమానమే రాలేదు. ప్లగ్గులేమో, కార్బ్యురేటర్లో చెత్త పడిందేమో అనుకుంటూ ఉండగానే ఒక ఎత్తులో బండి ఆగిపోయింది. వెనక సీట్లో అమ్మ, పిల్లలు. చీకటి పడుతోంది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మెల్లగా వెనక్కి వదిలి, కాస్త చదునుగా ఉన్న చోట ఆపి సెల్ఫ్ కొడితే, కొంతసేపటికి అందుకుంది. బంకుకు చేరి ఫుల్ చేయిస్తే 26 లీటర్లు పట్టింది. అంటే ముల్లు ఏడు లీటర్లు ఉన్నాయని చూపిస్తుంటే, ట్యాంకులో ఉన్నది రెండు లీటర్లే.

అంతకుముందు ఏడాది ట్యాంకు కడిగించాం. తిరిగి బిగించేటప్పుడు లోపలి ఫ్లోటు తీగ వంగిపోయింది. విప్పి చూశాక గానీ ఆ సంగతి తెలియలేదు.

ఆ ఫ్లోటు ఏం చేస్తుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ముల్లు లీటర్లను కొలవదు. ట్యాంకులో పెట్రోలు మీద ఒక ఫ్లోటు తేలుతూ ఉంటుంది. దాని తీగ రెండో కొసకు చిన్న రాగి నాలుక ఉంటుంది. ఫ్లోటు పైకీ కిందికీ కదిలినప్పుడల్లా ఆ నాలుక సన్నటి తీగచుట్ట మీద జరుగుతుంది. ఎక్కడ ఆనితే అక్కడికి తగ్గ కరెంటు డ్యాష్‌బోర్డులోని మీటరుకు అందుతుంది. పాత మీటర్లు చాలావాటిలో ముల్లును కదిలించేది వేడి. కరెంటుకు ఒక లోహపు పట్టీ వేడెక్కి వంగుతుంది, ముల్లు దాంతోపాటు లేస్తుంది. అందుకే తాళం తిప్పగానే ముల్లు ఒక్కసారి ఎగరకుండా, కొన్ని సెకన్లు తీసుకుని మెల్లగా పైకొస్తుంది. అది జబ్బు కాదు.

ఇప్పుడు అసలు సంగతి. కరెంటుకు అడ్డుపడే గుణాన్ని రెసిస్టెన్స్ అంటారు, దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు; అది తగ్గితే కరెంటు ఎక్కువ పారి ముల్లు పైకి లేస్తుంది. మారుతిలాంటి జపాన్ పద్ధతి బండ్లలో ట్యాంకు నిండుగా ఉంటే రెసిస్టెన్స్ తక్కువ, 10 ఓమ్‌ల లోపే. ఖాళీ అయ్యేకొద్దీ అది పెరిగి 100 ఓమ్‌లు దాటుతుంది. దీన్నిబట్టి ముల్లు ఎటువైపు తప్పుతోందో చూసి లోపం ఎక్కడుందో ఊహించవచ్చు. ఎర్త్ దగ్గర తుప్పు పట్టినా, కనెక్టర్ వదులైనా రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి ముల్లు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. వైరు పూర్తిగా తెగితే ముల్లు ఖాళీ గీత దగ్గరే పడి ఉంటుంది. ఫ్లోటుకు చిల్లు పడి మునిగినా అంతే. అదే వైరు ఇన్సులేషన్ ఒరుసుకుపోయి బాడీకి తగిలితే ముల్లు ఎప్పుడూ ఫుల్ మీదే నిలబడుతుంది. ఫ్లోటు తీగ కిందికి వంగినా, పైన ఎక్కడో ఇరుక్కున్నా, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మా బండికి జరిగింది ఇదే.

తక్కువ చూపించే ముల్లుతో నష్టం పెద్దగా లేదు, బంకుకు కాస్త తొందరగా వెళ్తాం, అంతే. ఎక్కువ చూపించే ముల్లును మాత్రం ఒక్క రోజు కూడా నమ్మకండి.

అమెరికాలో పాత జీఎం (జనరల్ మోటార్స్) కారు కొనుక్కున్న మనవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ బండ్లలో లెక్క తిరగబడి ఉంటుంది. ఖాళీకి సున్నా ఓమ్‌లు, ఫుల్‌కు 90. అక్కడ వైరు తెగితే ముల్లు ఫుల్ దాటి పోతుంది. ఇక ఇంగ్లండ్ పద్ధతి పాత బండ్లు కొన్నింటిలో మీటర్లకు 10 వోల్టులు పంపే స్టెబిలైజర్ ఉంటుంది. పెట్రోలు ముల్లూ, టెంపరేచర్ ముల్లూ రెండూ కలిసి ఒకేసారి పైకి పోతుంటే ట్యాంకు జోలికి వెళ్ళకుండా ముందు దాన్ని చూడండి.

ఇక చేతి పని. ట్యాంకు నుంచి వచ్చే వైరు కనెక్టర్ వెనక సీటు కిందో, డిక్కీ వైపో దొరుకుతుంది. కారు తలుపులన్నీ తెరిచి పెట్టండి. పెట్రోలు వాసన ఏ కొంచెం వస్తున్నా ఈ పని మొదలుపెట్టవద్దు, ముందు ఆ లీకు సంగతి మెకానిక్‌కు చూపించండి. వాసన లేదనుకుంటే తాళం ఆఫ్ చేసి కనెక్టర్ విప్పండి. తాళం ఆన్ చేస్తే ముల్లు ఖాళీ గీత దగ్గరే ఉండాలి. మళ్ళీ ఆఫ్ చేసి, మీటరు వైపు వైరుకూ బాడీకీ మధ్య డ్యాష్‌బోర్డులో వాడే చిన్న 12 వోల్టుల, 3.4 వాట్ల బల్బు కలపండి. ఇప్పుడు తాళం ఆన్ చేస్తే బల్బు వెలిగి, ముల్లు మెల్లగా పైకి లేవాలి. లేచిందంటే మీటరూ, అక్కడిదాకా వచ్చిన వైరూ బాగున్నట్టే, లోపం ట్యాంకు వైపు ఉంది. లేవకపోతే ట్యాంకు దించడం దండగ. బల్బు లేకుండా వైరును నేరుగా బాడీకి ఆనించే అలవాటు కొందరికి ఉంది. దాంతో మీటరు లోపలి తీగ కాలిపోవచ్చు. ఈ బండ్లకు మంచి మీటరు దొరకడం ఇప్పుడు కష్టం, అలా చెయ్యకండి.

లోపమేదీ లేకపోయినా ముల్లు సమానంగా దిగదు. ఫుల్ చేయించాక చాలా దూరం కదలకుండా ఉండి, సగం దాటాక గబగబా పడిపోతుందని ప్రతి పాత బండి యజమానీ అంటాడు. ట్యాంకు నిండకముందే ఫ్లోటు పైకప్పుకు ఆనుతుంది. ఆ పైన పట్టిన పెట్రోలు దానికి తెలియదు. ట్యాంకు కూడా నిలువునా ఒకే వెడల్పుతో ఉండదు. అందుకే మీ బండి ముల్లుకు మీరే ఒక లెక్క రాసుకోవాలి.

ఫుల్ ట్యాంకు చేయించి, పంపు దానంతటదే ఆగిన దగ్గర ఆపండి, ఆపైన కుక్కించవద్దు. కిలోమీటర్ల అంకె నోటుబుక్కులో రాయండి. ముల్లు ముప్పావుకు, సగానికి, పావుకు వచ్చినప్పుడల్లా మళ్ళీ రాయండి. చదును నేల మీద, బండి ఆపి ఉన్నప్పుడే చూడాలి. ఎత్తులో ముల్లు మాట వేరుగా ఉంటుంది. ఖాళీ గీతను తాకగానే అదే బంకుకు, వీలైతే అదే పంపుకు వెళ్ళి నింపండి. 23.4 లీటర్లు పట్టిందనుకుందాం. 28లోంచి తీసేస్తే 4.6 మిగిలాయి. మీ మైలేజీ 15 అయితే కాగితం మీద 69 కిలోమీటర్లు వస్తాయి. అంతా వాడుకోవచ్చనుకోకండి. అడుగున లీటరున్నర, రెండు లీటర్లు లేనట్టే లెక్కేస్తే 40 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు అయితే అదీ లేదు. వాలులో పెట్రోలు ఒక పక్కకు జరిగి, పీల్చే గొట్టం నోరు గాల్లో తేలుతుంది. ఆ రోజు మా ఇంజను దగ్గింది అందుకే. ముల్లు ఎక్కువ చూపిస్తోందని ముందే తెలిసినవాళ్ళు మాత్రం ఖాళీ గీత దాకా ఆగకుండా, సగం దగ్గరే నింపి లెక్క చూసుకోండి.

ఎంపీఎఫ్ఐ బండి (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేది) ఉన్నవాళ్ళకు ఇంకో జాగ్రత్త. అందులో పంపు ట్యాంకు లోపలే ఉండి, చుట్టూ ఉన్న పెట్రోలుతోనే చల్లబడుతుంది. రోజూ అడుగంటించి నడిపితే పంపు వేడెక్కి తొందరగా పాడవుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది పాత ట్యాంకు గోడలకు పట్టిన జిగురును కరిగించి ఫిల్టర్‌కు చేరుస్తుంది, తేమనూ లాక్కుంటుంది. వానాకాలంలో బండిని నెలల తరబడి ఖాళీ ట్యాంకుతో నిలపకండి. పెట్రోలు ఉన్నా ఇంజను దగ్గుతుంటే, ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తు చేసుకోండి.

వచ్చే పాఠానికి రెండు పనులు. పై లెక్కను వరసగా రెండు ట్యాంకులకు రాసి పెట్టండి. బల్బు పరీక్షలో ముల్లు ఎంతసేపటికి, ఎక్కడిదాకా లేచిందో కూడా రాయండి. ఆ పాఠంలో ట్యాంకు నుంచి ఫ్లోటు బయటికి తీస్తాం. దానికి బ్యాటరీ నెగెటివ్ విప్పేసి, మెకానిక్‌ను పక్కన ఉంచుకుని, గాలి ఆడే చోట పని చెయ్యాలి. ఫ్లోటును ట్యాంకుకు బిగించే చోట వేసే కొత్త రబ్బరు వాషరు ఒకటి ముందే కొని ఉంచండి, పాతది విప్పాక మళ్ళీ సరిగ్గా కూర్చోదు.