ఊళ్లో పిల్లల ఫుట్‌బాల్: పన్నెండేళ్లలోపు వాళ్లకు ఎలా నేర్పాలి

బార్సిలోనా క్లబ్బు అభిమాని తమ అకాడమీ లా మాసియా పేరెత్తుతాడు. 1979లో ఒక పాత పొలం ఇంట్లో మొదలైన ఆ హాస్టల్లో పెరిగిన కుర్రాళ్లే, 2012 నవంబరు 25న లెవాంతే జట్టుతో ఆడుతుండగా ఒక దశలో పదకొండుకు పదకొండు మందీ అయ్యారంటాడు. మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని ఊరుకోడు. 1937 అక్టోబరు నుంచి తమ క్లబ్బు ప్రతి మ్యాచ్ జట్టులోనూ సొంతంగా పెంచుకున్న కుర్రాడు ఒకడైనా ఉన్నాడంటాడు. అమలాపురంలోనో భీమవరంలోనో రాత్రి మ్యాచ్ చూసి ఇలా వాదించుకునేవాళ్లు నలుగురైదుగురు ఉంటే చాలు, ఇరవై నలుగురు పిల్లలకు ఆట నేర్పొచ్చు. పెద్ద అకాడమీలు చిన్న పిల్లలతో చేయించే పనిలో ముఖ్యమైన భాగానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. ప్రతి పిల్లాడి కాలికీ బంతి ఎక్కువసార్లు తగలాలి. బంతి రాకముందే తల తిప్పి చూడడం వాడికి అలవాటు కావాలి. కింద రాసిందంతా ఈ రెండిటి కోసమే.

నేల

డెల్టాలో ఖాళీ జాగా దొరకడమే కష్టం. సార్వా (వానకాలం పంట) కోసిన చేలో ఆడిద్దామనిపిస్తుంది కానీ వరి మోళ్లు అరికాళ్లు చీరేస్తాయి. పైగా దాళ్వాకు (రెండో పంటకు) నీళ్లు పెట్టేలోపు మిగిలేది కొద్ది రోజులే. హైస్కూలు గ్రౌండే మంచిది. ఏ రోజులు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా అన్నది రాసి హెడ్మాస్టరు గారికి అర్జీ ఇవ్వండి, నోటిమాట మీద నడపొద్దు. లంక ఊళ్లలో పొడి ఇసుక మీద బంతి దొర్లదు, పిల్లల పిక్కలు పట్టేస్తాయి. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు వాళ్లకు ఆటు సమయంలో బయటపడే తడి ఇసుక గట్టిగా ఉండి బాగా పనికొస్తుంది. అక్కడ ఆడించినంతసేపూ నీటి వైపు ఒక పెద్ద మనిషి నిలబడి ఉండాలి.

నల్లమట్టి నేలైతే వానకు జారుతుంది, వేసవిలో నెర్రెలు తీస్తుంది. నెర్రెలో పాదం పడితే చీలమండ మడత పడుతుంది కాబట్టి ముందురోజే వాటిలో ఇసుక పోయించండి. ఆట మొదలుపెట్టే ముందు ఇద్దరు గ్రౌండంతా నడిచి కొబ్బరి ఈనెలు, నత్త గుల్లలు, సీసా పెంకులు ఏరాలి. బంతి గట్టు మీది గడ్డిలో పడితే పిల్లల్ని పంపొద్దు, కర్ర పట్టుకుని పెద్దవాళ్లే వెళ్లాలి. కాలవలో పడితే తీయడానికి పొడుగాటి వెదురు గెడకు వల కట్టి ఉంచుకోండి. బంతి కోసం ఎవరూ కాలవలో దిగకూడదు. ఈ మాట మొదటి రోజే తల్లిదండ్రుల ఎదుట చెప్పాలి.

సామాను

బంతి సైజు దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. పెద్దవాళ్లు ఆడే 5వ నంబరు బంతి 410 నుంచి 450 గ్రాములు ఉంటుంది. తొమ్మిదేళ్ల పిల్లాడు దాన్ని పాదం పక్కభాగంతో దూరం పంపలేక బొటనవేలితో పొడుస్తాడు. ఆ పొడుపు అలవాటైతే మాన్పించడం చాలా కష్టం. ఎనిమిదేళ్లలోపు వాళ్లకు 3వ నంబరు, ఎనిమిది నుంచి పన్నెండు దాకా 4వ నంబరు ఇవ్వండి. ఇరవై నలుగురికి పన్నెండు బంతులు, పైన రెండు అదనంగా ఉండాలి. ఇద్దరికి ఒక బంతి కంటే తగ్గితే అభ్యాసం కాస్తా వరసలో నిలబడడం అయిపోతుంది. గాలి కొట్టే సూదిని నీళ్లతో తడపకుండా గుచ్చితే లోపలి రబ్బరు చిరిగి, కొత్త బంతి కూడా వారానికే మెత్తబడుతుంది. ఎంత గాలి పట్టాలో వాల్వు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. చిన్నపిల్లలకు అందులో తక్కువ అంకె చాలు.

చిన్న గోలు ఒక్క పైపుతో తయారవుతుంది. ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు ఇరవై అడుగులది ఒకటి, ఎల్బోలు ఆరు తీసుకోండి. అయిదడుగుల ముక్కలు రెండు (ఒకటి పైకమ్మీ, ఒకటి వెనక నేలమీద), మూడడుగులవి రెండు (నిలువులు), రెండడుగులవి రెండు (పక్కలు) కోస్తే పైపు సరిగ్గా సరిపోతుంది. పై రెండు మూలలకే గమ్ము రాయండి. మిగతావి ఊడదీసి ఆటోలో వేసుకోవచ్చు. పాత చేపలవల పైకమ్మీ నుంచి వెనక కమ్మీకి కట్టండి. వెనక కమ్మీ మీద ఇసుక నింపిన గోతం తప్పనిసరి. గోలు తేలిగ్గా ఉందని బరువు పెట్టకుండా వదిలేస్తే ఎవడో ఒకడు పట్టుకుని ఊగుతాడు, అది మీద పడుతుంది. స్కూల్లో పెద్ద ఇనుప గోలుపోస్టు ఉంటే ముందు దాని కాళ్లు నేలలో గట్టిగా పాతి ఉన్నాయో లేదో చూడండి. అలాంటివి ఒరిగి మీద పడి పిల్లలు చనిపోయిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. గీతలకు ముగ్గుపిండి చాలు. సున్నం వద్దు, కళ్లలో పడితే కాలుతుంది.

డెబ్బై అయిదు నిమిషాలు

వారానికి మూడు రోజులు, రోజుకు 75 నిమిషాలు. వేసవిలో పొద్దున్న ఆరుకే మొదలుపెట్టి ఏడుంబావుకు ముగించాలి. మొదటి పది నిమిషాలు బంతి కాలి దగ్గర ఉంచుకుని ముట్టుకునే ఆట ఆడించండి, వచ్చినవాడు వచ్చినట్టు అందులో కలుస్తాడు. తరవాతి పది నిమిషాలు ఒంటికాలి మీద నిలబడడం, గెంతి రెండు కాళ్ల మీద మెత్తగా దిగడం, పడ్డప్పుడు చెయ్యి విరగకుండా దొర్లడం. పిల్లల కోసం ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా రూపొందించిన 11 ప్లస్ కిడ్స్ వార్మప్‌లో ఉండేవి దాదాపు ఇవే. దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగుతోందేమో చూడండి. వంగితే ఎత్తు తగ్గించి మళ్లీ గెంతించాలి.

ఆ తరవాత ఇరవై నిమిషాలు రోండో. నలుగురు చుట్టూ నిలబడి మధ్యలో ఒకణ్ని దొంగ పెట్టే ఆటే అది. ఎనిమిది మీటర్ల చదరం గీయండి. రెండు పాసులకే బంతి పోతుంటే చదరం చిన్నదైనట్టు, నాలుగు వైపులా ఒక అడుగు పెంచండి. దొంగ పరిగెత్తి పరిగెత్తి విసుగొచ్చి నిలబడిపోతే పెద్దదైనట్టు. ఆరేడు పాసులకు ఒకసారి దొరుకుతుంటే కొలత కుదిరింది. వారాలు గడిచి అలవాటయ్యాక అయిదుగురికి ఇద్దరు దొంగల్ని పెట్టండి.

అందరూ తొందరపడి వదిలేసేది ఇక్కడే, బంతి అందుకునే తీరు. చాలామంది పిల్లలు వచ్చే బంతికి ఎదురుగా రెండు పాదాలూ అటే పెట్టి నిలబడతారు. వెనక సగం గ్రౌండు వాళ్లకు లేనట్టే. ఒక పాదం బంతి వైపు, రెండోది తను వెళ్లాలనుకున్న వైపు ఉండాలి. తలుపు ఓరగా తెరిచినట్టు నడుం తిరిగి ఉండాలి. బంతిని దగ్గరి కాలు దాటనిచ్చి, అవతలి కాలి లోపలి అంచుతో అందుకోవాలి. తగిలిన క్షణంలో పాదం ఒక బెత్తెడు వెనక్కి రావాలి. మేడ కట్టేచోట కింది నుంచి విసిరిన ఇటుకను పైనున్న కూలీ చేతులు వెనక్కి తీస్తూ ఎలా పట్టుకుంటాడో అలాగ. పాదం బిగిస్తే బంతి గజం దూరం ఎగురుతుంది, దొంగ ఎత్తుకుపోతాడు. బంతి బయల్దేరక ముందే భుజం మీదుగా ఒకసారి చూడాలి. "ఏరా, వెనకాల ఎవరున్నార్రా?" అని అడగండి. "ఎవరూ లేరు మాస్టారూ" అని వెంటనే చెప్పాడంటే చూశాడు. తల తిప్పి చూసి అప్పుడు చెప్పాడంటే చూడలేదు. తిట్టక్కర్లేదు, మళ్లీ మళ్లీ అడిగితే చాలు.

మిగిలిన సమయంలో ముప్ఫై నిమిషాలు నలుగురికి నలుగురు ఆట, చివరి అయిదు నిమిషాలు చల్లబడడానికి. 25 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పు ఉన్న గ్రౌండ్లు మూడు పక్కపక్కన గీస్తే ఇరవై నలుగురూ ఒకేసారి ఆడతారు. గోల్‌కీపర్ వద్దు. పెద్ద ఆటలో ఒక్క బంతి వెనక ఇరవై ఇద్దరు ఉంటారు, ఇక్కడ ఎనిమిది మందే. బంతి తగిలే వంతు దాదాపు మూడింతలవుతుంది. "పెద్ద మ్యాచ్ ఆడిద్దాం" అని పిల్లలూ తల్లిదండ్రులూ అడుగుతారు, ఒప్పుకోవద్దు. పదేళ్ల వాళ్లను పెద్ద గ్రౌండులో వదిలితే బలంగా తన్నేవాడొక్కడు, వాడి వెనక పరిగెత్తేవాళ్లు ఇద్దరు ఆడతారు, మిగతావాళ్లు నిలబడతారు. తలతో కొట్టించడం కూడా ఈ వయసులో వద్దు. ఇంగ్లండులో 2020 నుంచి ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు శిక్షణలో అది మాన్పించారు.

గీత బయట నుంచి "కొట్టరా, కొట్టు!" అని అరిచే నాన్నల కోసం అయిదు మీటర్ల దూరంలో తాడు కట్టండి. అరుపు విన్న పిల్లాడు చూడడం మానేసి కొట్టేస్తాడు. నేర్పేవాళ్లకూ ఒక కట్టడి ఉండాలి: ఆట ఆపి చెప్పేది అర నిమిషం మించకూడదు, ఒక రోజుకు ఒక్క విషయమే.

పావుగంటకోసారి నీళ్లు తాగించండి. బాగా ఉక్కగా ఉన్న రోజు లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి ఉంచండి. చెంచా తలగొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే చెరుపు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్ఫై సెకన్లు లేకపోతే ఆట ఆపి పిల్లల్ని బడి గదిలోకి పంపాలి. చివరి ఉరుము తరవాత అరగంట దాకా బయటికి రానివ్వొద్దు. కొబ్బరిచెట్ల కింద నిలబెట్టొద్దు, పిడుగున్నా లేకున్నా.

ఎవరు బాగుపడుతున్నారో ఎలా తెలుస్తుంది

గోల్స్ లెక్క ఈ వయసులో పనికిరాదు, అది ఎక్కువగా ఎత్తు లెక్కే. మీలో ఒకరు ఆటకు ఇద్దరు పిల్లల్ని ఎంచుకుని పది నిమిషాలు వాళ్లనే చూడండి. బంతి వచ్చిన ప్రతిసారీ ఒక గీత, అంతకు ముందు తల తిప్పి చూసి ఉంటే దాని మీద సున్నా. పద్నాలుగు గీతల మీద మూడు సున్నాలు వచ్చినవాడికి రెండు నెలల తరవాత ఎనిమిది వస్తే మీ శిక్షణ పనిచేస్తున్నట్టే. టీవీలో ఇది సరిగా కనపడదు, కెమెరా బంతి వెంటే పోతుంది. గ్రౌండులో కూర్చుంటే కనపడుతుంది, చూడడం మొదలుపెట్టినవాళ్లు ఇక మానలేరు.

నోటుబుక్కులో పేరు పక్కన పుట్టిన నెల రాయండి. వయసు గుంపులు జనవరి 1తో కడతారు. జనవరి పిల్లాడికీ డిసెంబరు పిల్లాడికీ పదకొండు నెలల తేడా, పదేళ్ల వయసులో అది బతుకులో పదో వంతు. పెద్దగా కనపడేవాడిని జట్టులోకి తీసుకుంటే వాడికి ఎక్కువ ఆట, మంచి శిక్షణ దొరికి నిజంగానే మెరుగవుతాడు. చిన్నవాడు విసుగొచ్చి మానేస్తాడు. యూరప్ అకాడమీల్లో చాలాచోట్ల కనపడే జబ్బే ఇది. ఎంచుకున్న జాబితాలో అక్టోబరు, నవంబరు, డిసెంబరు వాళ్లు ఒక్కరూ లేకపోతే మీరు ఎత్తు చూసి ఎంచుకున్నారన్నమాట. నెదర్లాండ్స్ క్లబ్బు అయాక్స్ వాళ్లు పిల్లల్ని చూసే నాలుగు గుణాల్లో సాంకేతికత, ఆట అర్థం చేసుకోవడం, వ్యక్తిత్వం ముందొచ్చి, వేగం చివర్న వస్తుంది.

మూడు నెలలకోసారి గోడ మీద గీత గీసి ఎత్తు కొలవండి. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు దాటాడంటే ఎదుగుదల పుంజుకుంది. ఆడపిల్లలకు ఇది సుమారు పదకొండు, పన్నెండేళ్లకు, మగపిల్లలకు పదమూడు, పద్నాలుగేళ్లకు వస్తుంది. నిన్నటిదాకా చక్కగా ఆడినవాడికి అప్పుడు కాళ్లు మాట వినవు. మోకాటిచిప్ప కింద బుడిపె నొప్పి, మడమ నొప్పి కూడా ఈ కాలానివే. గెంతులు, గట్టి షాట్లు తగ్గించి, నొప్పి ఉన్నచోట గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టండి. కుంటుతుంటే డాక్టరుకు చూపించాలి. "వీడి పని అయిపోయింది" అనే మాట మాత్రం ఎవరి నోటా రానివ్వొద్దు.

పన్నెండు దాటాక

కాగితాలు ముందు సరిచేయించండి. బడిలో వేసిన పుట్టినతేదీ, పంచాయతీ జనన ధ్రువపత్రం, ఆధార్ మూడూ ఒకటే ఉండాలి. వయసు తగ్గించి రాయిస్తే జాతీయ స్థాయి యువ పోటీల్లో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూసినప్పుడు బయటపడుతుంది. మీ జట్టును ఫుట్‌బాల్ సంఘంలో నమోదైన క్లబ్బుగా మార్చి, పిల్లల పేర్లు ఆ క్లబ్బు మీద రిజిస్టర్ చేయిస్తే ఇంకో లాభం ఉంది. ఫిఫా నియమం ప్రకారం ఆటగాడు దేశం మారి అమ్ముడైనప్పుడు ఆ సొమ్ములో 5 శాతం అతణ్ని పెంచిన క్లబ్బులకు పంచాలి. 12 నుంచి 15 ఏళ్ల మధ్య ఒక్కో సీజనుకు 0.25 శాతం. కోటి రూపాయల బదిలీ అయితే నాలుగు సీజన్లకు లక్ష. రిజిస్ట్రేషన్ లేకపోతే ఒక్క రూపాయీ రాదు.

బడి జట్టుతో 1960 నుంచి జరుగుతున్న సుబ్రతో కప్పుకు వెళ్లొచ్చు, అందులో ఆడపిల్లలకూ పోటీ ఉంది. హాస్టల్ అకాడమీలంటే మన రాష్ట్రంలో అనంతపురం ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్), ఒడిశాలో 2023 నవంబరులో మొదలైన ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య)-ఫిఫా అకాడమీ, జంషెడ్‌పూర్‌లో 1987 నుంచి ఉన్న టాటా అకాడమీ. సెలెక్షన్ గ్యారంటీ అని ముందే డబ్బు అడిగే మధ్యవర్తిని నమ్మొద్దు. ఏ అకాడమీకి పంపినా వెళ్లి చూసి అడగండి: చదువు ఏ బడిలో, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది, కోచ్‌కు ఏ లైసెన్స్ ఉంది, రాత్రి హాస్టల్లో పెద్దవాళ్లు ఎవరుంటారు. కిందటేడు వద్దని ఇంటికి పంపేసిన పిల్లలు ఇప్పుడు ఏం చదువుతున్నారో కూడా అడగండి. ఆ కుటుంబాల్లో ఒకరిద్దరితో మాట్లాడాకే సంతకం పెట్టండి.