లీగల్, ఎకానమీ పదాలు బట్టీ పట్టకుండా గుర్తుండాలంటే

గ్రూప్స్ కానీ బ్యాంక్ ఎగ్జామ్స్ కానీ, ప్రిపరేషన్ మొదలెట్టగానే అందరం చేసే పని ఒకటే, ఓ నోట్‌బుక్ తీసి ఎడమవైపు పదం, కుడివైపు అర్థం రాసుకుంటూ పోవడం. నేనూ అలాగే పేజీలకి పేజీలు నింపా. తీరా ఎగ్జామ్ హాల్లో "కింది కోర్టు ఇచ్చేసిన తీర్పుని కొట్టేయడానికి జారీ చేసే రిట్ ఏది" (రిట్ అంటే పై కోర్టు ఇచ్చే ప్రత్యేక ఆదేశం) అని కనిపించేసరికి ప్రొహిబిషనా, సెర్షియోరరీనా అని ఊగిసలాడి చివరికి తప్పు పెట్టొచ్చా. రెండిటి అర్థాలూ నోటికొచ్చు, కానీ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఒక్కసారి కూడా చూసుకోలేదు. ప్రశ్నేమో ఎక్కువగా ఆ తేడా మీదే వస్తుంది.

అందుకే నేను చెప్పేది ఏంటంటే, పదాల్ని విడివిడిగా కాకుండా జంటలుగా చదవండి, ప్రతి జంట దగ్గరా "ఎవరు చేస్తారు, ఎవరి మీద చేస్తారు, ఎప్పుడు చేస్తారు" అని అడగండి.

రిట్లతోనే చూద్దాం. కింది కోర్టు తన పరిధి దాటి ఒక కేసు విచారిస్తోంది, ఇంకా తీర్పు రాలేదు, అప్పుడు పై కోర్టు "ఆపు" అంటే ప్రొహిబిషన్. తీర్పు వచ్చేసింది, దాన్ని కొట్టేయాలి, అప్పుడు సెర్షియోరరీ. తేడా అంతా "ఎప్పుడు" అన్న దగ్గరే ఉంది. హెబియస్ కార్పస్‌కి, మాండమస్‌కి తేడా "ఎవరి మీద" దగ్గర, హెబియస్ కార్పస్ అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకి తీసుకురమ్మనే ఆదేశం, అక్రమంగా నిర్బంధించింది ప్రైవేటు వ్యక్తి అయినా అది వేయొచ్చు, కానీ మాండమస్ అంటే చేయాల్సిన డ్యూటీ చెయ్యని ప్రభుత్వ అధికారికో సంస్థకో "చెయ్యి" అని ఇచ్చే ఆదేశం కాబట్టి మామూలు ప్రైవేటు వ్యక్తి మీద కుదరదు. కోవారంటో అయితే "ఈ పదవిలో ఏ అధికారంతో కూర్చున్నావు" అని అడగడం, ఇది నష్టపోయినవాళ్లే వెయ్యాలని లేదు. తెలుగు మీడియం వాళ్లు బందీ ప్రత్యక్ష, పరమాదేశ, ప్రతిషేధ, ఉత్ప్రేషణ, అధికార పృచ్ఛ అనే పేర్లు కూడా పక్కనే రాసుకోండి, పేపర్లో ఏ రూపంలో ఇస్తారో చెప్పలేం. ఇక్కడే ఇంకో జంట, ఆర్టికల్ 32 సుప్రీంకోర్టుది, 226 హైకోర్టుది. సుప్రీంకోర్టు పెద్దది కాబట్టి రిట్ల పరిధి కూడా దానిదే పెద్దది అనుకుంటారు చాలామంది, అది తప్పు, 32 కింద ప్రాథమిక హక్కుల కోసమే వెళ్లాలి, 226 కింద మిగతా చట్టబద్ధ హక్కుల కోసం కూడా వెళ్లొచ్చు.

నాన్ బెయిలబుల్ అన్న మాట కూడా అంతే, వినగానే బెయిలే రాదేమో అనిపిస్తుంది. అలా కాదు. బెయిలబుల్ నేరంలో బెయిల్ నిందితుడి హక్కు, నాన్ బెయిలబుల్‌లో ఇవ్వాలా వద్దా అనేది కోర్టు విచక్షణ. కాగ్నిజబుల్ అంటే వారెంట్ లేకుండానే పోలీసులు అరెస్ట్ చేయగలిగే నేరం. నిందితుడు, దోషి ఒకటి కాదు, కోర్టు నేరం రుజువైందని తేల్చేదాకా నిందితుడే.

పాత మెటీరియల్ వాడేవాళ్లు ఒకటి సరిచూసుకోండి. 2024 జులై 1 నుంచి నేరాలకి శిక్షలు చెప్పే ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, విచారణ పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం. హత్యకి శిక్ష అంటే మనకి 302 అని అలవాటైపోయింది, ఇప్పుడది సెక్షన్ 103, మోసం కేసు 420 కాస్తా 318లోకి వెళ్లింది.

ఎకానమీలో మాత్రం తెలుగు మీడియం వాళ్లకి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది, దీని గురించి కాస్త ఎక్కువే చెప్తా. "ద్రవ్య" అన్న మాట. ద్రవ్య విధానం అంటే మానిటరీ పాలసీ, అంటే ఆర్‌బీఐ పని. కానీ న్యూస్‌పేపర్లో ద్రవ్యలోటు అని రాస్తే అది ఫిస్కల్ డెఫిసిట్, అంటే ప్రభుత్వ బడ్జెట్ వ్యవహారం, దీన్నే కొన్ని పుస్తకాలు కోశ లోటు అంటాయి. ఒకే మాట రెండు చోట్ల రెండు అర్థాలిస్తుంటే కొత్తగా చదివేవాళ్లు కన్ఫ్యూజ్ అవ్వక ఏం చేస్తారు. అందుకే ఎకానమీ పదం ఏది కనిపించినా దాని ఇంగ్లీషు పేరుని తెలుగు లిపిలో అయినా సరే పక్కన రాసుకోండి, "ఇది ఆర్‌బీఐదా, ప్రభుత్వానిదా" అని ఒక గుర్తు పెట్టుకోండి.

లోట్లు మూడూ ఒక్క లెక్కతో తేలిపోతాయి. ప్రభుత్వ ఖర్చు మొత్తం 100 అనుకోండి, అందులో రెవెన్యూ ఖర్చు (జీతాలు, వడ్డీల్లాంటి రోజువారీ ఖర్చు) 80, ఆ 80లోనే పాత అప్పుల మీద వడ్డీ 20. రెవెన్యూ రాబడి 60, అప్పు కాని మూలధన రాబడి (ప్రభుత్వ వాటాలు అమ్మితే వచ్చే డబ్బులాంటిది) 5. ఇప్పుడు 80లోంచి 60 తీసేస్తే రెవెన్యూ లోటు 20. మొత్తం ఖర్చు 100లోంచి 65 తీసేస్తే ఫిస్కల్ డెఫిసిట్ 35, ఆ సంవత్సరం ప్రభుత్వం అప్పుగా తెచ్చుకోవాల్సింది అదే. ఆ 35లోంచి వడ్డీ 20 తీసేస్తే ప్రాథమిక లోటు 15. ఈ లెక్కని పుస్తకం మూసేసి అంకెలు మార్చి రెండుసార్లు వేయండి, నిర్వచనం వేరే చదవక్కర్లేదు.

సీఆర్‌ఆర్, ఎస్‌ఎల్‌ఆర్ జంటకి "ఎక్కడ ఉంచుతారు" అని అడిగితే చాలు. రెండూ బ్యాంకులు తమ డిపాజిట్లలో తప్పనిసరిగా పక్కన పెట్టాల్సిన వాటాలే. సీఆర్‌ఆర్ నగదుగా ఆర్‌బీఐ దగ్గర ఉంచాలి, దాని మీద వడ్డీ రాదు. ఎస్‌ఎల్‌ఆర్ బ్యాంకు తన దగ్గరే నగదు, బంగారం, ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో పెట్టుకుంటుంది. రెపో అంటే ఆర్‌బీఐ బ్యాంకులకి ఇచ్చే అప్పు మీద వడ్డీ, రివర్స్ రెపో అంటే బ్యాంకులు ఆర్‌బీఐ దగ్గర పెట్టిన డబ్బు మీద వచ్చేది. 2025 ఫిబ్రవరిలో రెపో 6.50 నుంచి 6.25 శాతానికి తగ్గింది, అది 25 బేసిస్ పాయింట్లు, ఎందుకంటే 100 బేసిస్ పాయింట్లు కలిస్తేనే ఒక పర్సంటేజ్ పాయింట్.

ఇన్‌ఫ్లేషన్ దగ్గర ఎక్కువమంది పడిపోయే ప్రశ్న ఇది: ద్రవ్యోల్బణం 8 శాతం నుంచి 5కి తగ్గింది, దీన్నేమంటారు? డిఫ్లేషన్ అని పెట్టేస్తారు. ధరలు తగ్గలేదు కదా, పెరుగుతూనే ఉన్నాయి, పెరిగే వేగం తగ్గిందంతే, కాబట్టి అది డిస్‌ఇన్‌ఫ్లేషన్. ద్రవ్యోల్బణం సున్నా కంటే కిందకి పోయి ధరలే పడిపోతుంటే అప్పుడు డిఫ్లేషన్. ఆర్‌బీఐ టార్గెట్ 4 శాతం, అటూఇటూ 2, అది చూసేది వినియోగదారుల ధరల సూచీ అంటే సీపీఐతో, టోకు ధరల సూచీతో కాదు.

రోజుకి అయిదు జంటలు చాలు. మర్నాడు పొద్దున పుస్తకం తెరవకముందే ఒక కాగితం మీద ఆ అయిదింటికీ తేడా ఒక్కో లైన్లో రాయండి, ఏ జంట దగ్గర పెన్ను ఆగిందో అది మళ్లీ ఆరోజు లిస్టులో మొదట చేర్చండి.